ఓటీపీ రావట్లేదమ్మా

రాత్రి 8 కావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. మంగళగిరిలో ఒక చేనేత చీరల కొట్టు వెనక గదిలో, గోడవార ప్లాస్టిక్ కుర్చీలో మీరు కూర్చున్నారు. కొట్టు పేరు అడగొద్దు. ఇలాంటివి ఈ ఊళ్లో ఉన్నాయి, వెంకటగిరిలో ఉన్నాయి, పోచంపల్లిలో, ఉప్పాడలో ఉన్నాయి. అన్నింటి నుంచీ తలా కాస్త తెచ్చి కట్టిన గది ఇది. గంజి పెట్టిన నూలు వాసన ముక్కుకు తగులుతోంది. ఎదురుగా బల్ల మీద అరవై చీరలు, ఒక్కోదాని మడతలో అంకె వేసిన చీటీ. ఏ రెండూ ఒకలాంటివి కావు. ఒక రంగుల కలయికకు ఒక్క చీరే నేయించారు. అది అమ్ముడైతే మళ్లీ కావాలన్నా లేదు.

ఈ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఇవాళ మంగళవారం. రేపు మధ్యాహ్నం కొరియర్ వ్యాను వచ్చేలోగా పార్సిళ్లు కట్టేస్తే గురువారం సాయంత్రానికి హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ చీర చేతికందుతుంది. ఒక్క రోజు తప్పితే పూజకు అందదు. అందుకే ఈ గదిలో ఎవరూ కబుర్లు చెప్పుకోవట్లేదు.

పాత గల్లాపెట్టె మీద ల్యాప్‌టాప్, దాని ముందు మరిది. పక్కన స్టూలు మీద వదిన, ఒళ్లో రెండు ఫోన్లు. చీరలు ఎంచేది, ధర కట్టేది, మగ్గాలవాళ్లకు డబ్బు పంచేది ఆమె. వెబ్‌సైటు, లెక్కలు మరిది చేతిలో. మూలన ఒకమ్మాయి అట్టపెట్టెలు మడుస్తోంది.

"అమ్మకం తెరవమంటారా వదినా?"

"ఆ, తెరువు."

తెర మీద వరసలు పుట్టుకొస్తున్నాయి. ఆర్డరు నంబరు, చీర అంకె, మొత్తం, ఎలా కడుతున్నారు. యూపీఐ అని ఉన్న వరసలు పుట్టిన కాసేపటికే పచ్చబడుతున్నాయి. అక్కడ తనిఖీ లేదని కాదు. కొనేవాళ్ల ఫోను, సిమ్ము ముందే బ్యాంకు ఖాతాతో ముడిపడి ఉంటాయి, అది మొదటి తాళం. వేలితో నొక్కే పిన్ను రెండోది. రెండూ వాళ్ల చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఎక్కడి నుంచో ఏదో రావాలని ఎదురు చూడక్కర్లేదు. కార్డు అని ఉన్న వరసలు మాత్రం పసుప్పచ్చగా మారి ఆగిపోతున్నాయి. ఖరీదైన చీరల్లో ఎక్కువ భాగం అవే. వచ్చే నెల బిల్లులో కట్టుకోవచ్చనో, వాయిదాలు వేసుకోవచ్చనో క్రెడిట్ కార్డు తీసేవాళ్లు ఆరేడు వేల పైన చీర దగ్గరే కనిపిస్తారు.

వాటిలో ఒక వరస మీద వేలు పెట్టి చూద్దాం. చీర అంకె 17. బచ్చలిపండు రంగు, నిజాం అంచు, 6,850 రూపాయలు. కొంటున్నావిడ కూకట్‌పల్లిలో ఉంది.

ఆమె కార్డు నంబరు కొట్టి, గడువు తేదీ కొట్టి, వెనకున్న మూడంకెలు కొట్టి, బొత్తాం నొక్కింది. ఆ వివరాలు ఈ గదికి రావు. పేమెంట్ గేట్‌వేకు వెళ్తాయి. గేట్‌వే కార్డు నెట్‌వర్క్‌ను అడుగుతుంది: ఈ నంబరు ఎవరిది, తనిఖీ ఎవరు చేస్తారు? వీసా, మాస్టర్‌కార్డ్, రూపే, ఏదైనా సరే, వాటి దగ్గర బ్యాంకుల చిట్టా ఉంటుంది. చిట్టా చూసి, కార్డు ఇచ్చిన బ్యాంకు సర్వరు చిరునామా చెబుతుంది. అప్పుడు కొనేవాళ్ల ఫోనులో కొట్టు పేజీ పోయి బ్యాంకు పేజీ తెరుచుకుంటుంది. అమ్మేవాళ్ల బ్యాంకు ఒక వైపు, కొనేవాళ్ల బ్యాంకు ఇంకో వైపు, మధ్యలో నెట్‌వర్క్: ఈ మూడు మండలాల ఏర్పాటుకే త్రీ-డి సెక్యూర్ అని పేరు. దాదాపు పాతికేళ్ల కిందట వీసా మొదలుపెట్టింది, తర్వాత మిగతావాళ్లూ అందుకున్నారు.

బ్యాంకు సర్వరు ఆరంకెలు పుట్టించింది. వాటిని సందేశంలో పెట్టి ఎస్సెమ్మెస్‌లు పంపే కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ టెలికాం సంస్థకు ఇచ్చింది. టెలికాం సంస్థ, ఈ సందేశం మూస ముందే నమోదైందా లేదా అని సరిచూసింది. చివరికి ఎక్కడో ఒక ఫోను మోగింది.

ఆ ఫోను కూకట్‌పల్లిలో లేదు. మియాపూర్ వెళ్లే మెట్రోలో, ఆమె భర్త జేబులో ఉంది.

కొట్టు ఫోను మోగింది. "ఓటీపీ రావట్లేదమ్మా."

"కార్డు ఎవరి పేరు మీద ఉందండీ?"

"మావారిదేనమ్మా. ఆయన ఫోను ఎత్తట్లేదు."

ఇది ఈ రాత్రికి ఒకసారి జరిగే మాట కాదు. చీర కొనేది ఆడవాళ్లు. కార్డుకు ముడిపడిన నంబరు చాలా ఇళ్లలో భర్తదో కొడుకుదో. ఆరంకెలు కావాలంటే అడగాలి, అడిగితే ఎందుకని, ఎంతని చెప్పాలి. దొంగను ఆపడానికి పెట్టిన గడప దగ్గర ఇల్లాలూ ఆగుతోంది. బ్యాంకు లెక్కలో ఇది "వినియోగదారు పూర్తిచేయని చెల్లింపు". కొట్టు లెక్కలో 6,850 రూపాయలు. ఆమె లెక్కలో ఏమిటో ఎవరూ రాయరు.

చీర 17 ఇప్పుడు పది నిమిషాలపాటు ఆమె కోసం పక్కన పెట్టి ఉంది. వెబ్‌సైటులో అలా అమర్చారు. లేకపోతే ఒకే చీరకు ఇద్దరు డబ్బు కడతారు. ఆ పది నిమిషాలూ ఇంకెవరికీ అది దొరకదు. ఈలోగా అదే చీర కోసం చూసిన మరో ముగ్గురు "అమ్ముడైంది" అన్న మాట చదువుకుని పేజీ మూసేసి ఉంటారు.

రెండో ఫోను. ఈసారి గొంతులో చిరాకు. "ఓటీపీ వచ్చిందండీ, అది చూడ్డానికి మెసేజుల్లోకి వెళ్లి వచ్చేసరికి మీ పేజీ పోయింది."

మరిదికి ఇది కొత్త కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో చీర చూసి, అక్కడే లింకు నొక్కితే, పేజీ ఇన్‌స్టాగ్రామ్ లోపలే తెరుచుకుంటుంది. దాన్ని వదిలి మెసేజుల్లోకి వెళ్లొస్తే కొన్ని ఫోన్లలో పేజీ మళ్లీ మొదటి నుంచి లోడవుతుంది. రెండోసారి ఓటీపీ అడుగుతుంది. అప్పటికి మొదటిది ఆలస్యంగా వచ్చి పడుతుంది. ఆమె దాన్ని కొడుతుంది, తప్పంటుంది. మూడోసారీ తప్పితే కొన్ని బ్యాంకులు ఆ కార్డుకు ఆన్‌లైన్ చెల్లింపు కాసేపు మూసేస్తాయి.

"పోనీ ఓ పని చేయండి," అంటోందావిడ. "అంకెలు నేను చదువుతా, మీరే ఎక్కించేసుకోండి."

వదిన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వద్దండీ. ఎవరికీ చెప్పకండి. మాక్కూడా చెప్పకండి."

"మీరేం మోసం చేస్తారా ఏంటి?"

"చేయం. కానీ రేపు ఇంకెవరో మా పేరు చెప్పి అడిగితే కూడా మీరు చెప్పకూడదు కదా."

ఆ మాటతో 7,200 రూపాయల చీర ఒకటి బల్ల మీదే మిగిలిపోయింది. ఈ ఒక్క సంభాషణ కోసమైనా మిమ్మల్ని ఈ గదికి తీసుకురావాలనుకున్నాను. ఓటీపీ పేరుతో ఫోన్లు చేసి ఖాతాలు ఊడ్చేసే ముఠాల మీద మనం వార్తలు చదువుతాం. ఆ ముఠాలకు అడ్డంగా నిలబడి తన అమ్మకం తానే పోగొట్టుకున్న చిన్న వ్యాపారి మీద వార్త రాదు.

ఈ తనిఖీ వద్దని నేననను. ఒకప్పుడు కార్డు మీద అచ్చయి ఉన్న అంకెలు తెలిస్తే చాలు, ఎవరైనా ఎక్కడి నుంచైనా కొనేసేవారు. హోటల్లో కార్డు తీసుకెళ్లి తెచ్చే ఆ రెండు నిమిషాలు చాలు, అంకెలు కాగితం మీదకు ఎక్కించుకోడానికి. 2009 ఫిబ్రవరి 18న రిజర్వు బ్యాంకు ఒక ఆదేశమిచ్చింది: కార్డు చేతిలో లేకుండా జరిగే ప్రతి ఆన్‌లైన్ చెల్లింపుకూ, కార్డు మీద కనిపించని సమాచారంతో ఇంకో తనిఖీ ఉండాలి. ఆగస్టు 1 నుంచి అమలు. ఆరు నెలలు కూడా లేవు. యూరప్‌లో ఇలాంటి నిబంధన 2019 సెప్టెంబరు 14న వచ్చింది. అక్కడ దుకాణాలు సిద్ధంగా లేవని ఆన్‌లైన్ కార్డులకు 2020 చివరిదాకా గడువు పొడిగించారు. బ్రిటన్ అయితే 2022 మార్చి 14 దాకా సాగదీసింది. పైగా 30 యూరోల లోపు చిన్న కొనుగోళ్లకు మినహాయింపు దారి ఉంది. మనవాళ్లు పదేళ్లు ముందే ఆ బరువు ఎత్తుకున్నారు, ఎవరూ చప్పట్లు కొట్టకుండానే.

మొదట్లో ఓటీపీ కాదు, పాస్‌వర్డు. ఎప్పుడో ఒకసారి పెట్టుకున్నది సరిగ్గా కొనేటప్పుడే మర్చిపోయేవాళ్లం. కొన్ని బ్యాంకులు కార్డు వెనక అంకెల గడులు అచ్చు వేసి, ఫలానా అక్షరాల కింద ఉన్న అంకెలు కొట్టమనేవి. 2010లో కేంబ్రిడ్జి పరిశోధకులు స్టీవెన్ మర్డోక్, రాస్ ఆండర్సన్ ఈ త్రీ-డి సెక్యూర్ పద్ధతిని తూర్పారబడుతూ ఒక వ్యాసం రాశారు. కొట్టు పేజీలోనే చిన్న చట్రంలో బ్యాంకు పేజీ తెరుస్తున్నారు, అది నిజంగా బ్యాంకుదేనా అని తేల్చుకునే వీలు కొనేవాడికి లేదు, ఎక్కడ అడిగితే అక్కడ పాస్‌వర్డు కొట్టడం జనానికి అలవాటు చేస్తున్నారు అన్నారు. అంత లోపమున్నా అది ఎందుకు వ్యాపించిందో కూడా వాళ్లే చెప్పారు: తనిఖీ జరిగిన చెల్లింపులో మోసం తేలితే ఆ నష్టం దుకాణం మీద పడదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

మన దేశంలో ఆన్‌లైన్ కొట్లు వేరే దారి వెతుక్కున్నాయి. 2010లో ఫ్లిప్‌కార్ట్ సరుకు అందాక డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. కార్డులు తక్కువ, నమ్మకం తక్కువ, కార్డు ఉన్నా చెల్లింపు మధ్యలో తెగిపోయే రోజులవి. ఆ పద్ధతి జనానికి నచ్చింది, చిన్న కొట్లకు మెడకు చుట్టుకుంది. ఈ గదిలో ఒకప్పుడు అదే చేసేవాళ్లు. ఇంటిదాకా వెళ్లిన చీర "ఇప్పుడు వద్దులెండి" అన్న మాటతో తిరిగొచ్చేది. రానుపోను కొరియర్ ఖర్చు కొట్టుదే. మడత నలిగి, అట్ట తడిసి వచ్చిన చీరను మళ్లీ ఇస్త్రీ చేయించి అమ్మాలి. పండగ అయిపోయాక ఎవరికమ్మాలి? అందుకే మానేశారు.

ఊబర్ లాంటి పెద్ద సంస్థకు కూడా ఈ గడప తగిలింది. కార్డు ఒకసారి నమోదు చేస్తే చాలు, ప్రయాణం అయ్యాక డబ్బు దానంతటదే తెగేలా ఉండేది దాని ఏర్పాటు. చెల్లింపు విదేశం మీదుగా వెళ్లేది కాబట్టి రెండో తనిఖీ లేదు. 2014 ఆగస్టులో రిజర్వు బ్యాంకు అది కుదరదంది, అక్టోబరు 31 గడువు పెట్టింది. ఊబర్ పేటీఎం వాలెట్‌తో జత కట్టింది. డబ్బున్న కంపెనీకి దారి మార్చుకోడానికి ఇంజనీర్లుంటారు, లాయర్లుంటారు. ఈ గదిలో మరిది ఒక్కడే ఉన్నాడు.

2021 అక్టోబరు 1 కూడా అతనికి బాగా గుర్తు. నెలనెలా కార్డు నుంచి తెగే చెల్లింపులకు ఆ రోజు నుంచి కొత్త నియమాలు వచ్చాయి: ముందుగా అనుమతి నమోదు, డబ్బు తెగడానికి 24 గంటల ముందు కబురు, 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ. తర్వాత 2022 జూన్‌లో ఆ హద్దు 15,000కు పెరిగింది. వినియోగదారుకు మేలే, అడక్కుండా డబ్బు తెగడం ఆగింది. కానీ చాలా బ్యాంకులూ విదేశీ కంపెనీలూ సమయానికి సిద్ధం కాలేదు. వెబ్‌సైటు నెల అద్దె డాలర్లలో కట్టే ఇలాంటి కొట్లు, దసరా ముందు ఆ అద్దె తెగక పరుగులు పెట్టాయి. ఈ కొట్టు అప్పుడు మరిది స్నేహితుడి కార్డుతో గట్టెక్కింది.

8 గంటల 23 నిమిషాలు. బల్ల వైపు చూడండి. అమ్ముడైన చీరలు ఆ అమ్మాయి ఎడమవైపుకు జరుపుతోంది. 17 కూడా జరిగింది. కూకట్‌పల్లి ఆవిడకు కాదు. ఆమె గడువు ముగిసిపోయింది, రాజమండ్రిలో ఇంకొకావిడ యూపీఐతో కట్టేసి తీసుకుంది.

"వదినా, ఇది చూడండి."

తెర మీద కూకట్‌పల్లి వరస. ఇంతసేపూ ఎర్రగా "ఫెయిల్డ్" అని ఉన్నది పచ్చబడింది. భర్త ఫోను ఎత్తాడు, అంకెలు చెప్పాడు, ఆమె కొట్టింది, బ్యాంకు ఒప్పుకుంది. ఆ ఒప్పుకున్న కబురు గేట్‌వేకు ఆలస్యంగా చేరింది. ఆమె ఖాతా నుంచి డబ్బు తెగింది. చీర లేదు.

ఇప్పుడు డబ్బు వెనక్కి పంపాలి. అయిదు నుంచి ఏడు పనిదినాలు. అంటే వ్రతం అయిపోయాక. చాలా గేట్‌వేలు డబ్బు వెనక్కి పంపినా తమ రుసుము మాత్రం వెనక్కివ్వవు. వదిన తానే ఫోను చేసింది. అవతలి గొంతు మీకు కూడా వినపడేంత గట్టిగా ఉంది. "డబ్బు లాగేసుకున్నాక చీర లేదంటారా? ఇదేం వ్యాపారమమ్మా?" వదిన మధ్యలో అడ్డు తగలకుండా మొత్తం విన్నది. ఇంకో బచ్చలిపండు రంగు చీర, అంచు కొంచెం సన్నం, 300 తక్కువ, ఫొటో పంపుతానంది. ఆవిడ ఆలోచిస్తానని పెట్టేసింది.

ఆ కోపంలో న్యాయముంది. కానీ అది చేరాల్సిన చోటికి చేరలేదు. సందేశం చేరింది భర్త జేబులోకి. కబురు ఆలస్యమైంది బ్యాంకుకూ గేట్‌వేకూ మధ్య. ఆమెకు తెలిసిన ముఖం మాత్రం ఈ కొట్టుదే. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. డబ్బు తెగి, అమ్మినవాళ్లకు ఖరారు కాకపోతే అయిదు రోజుల్లో తిరిగి జమ చేయాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున కొనేవాళ్లకు పరిహారం కట్టాలి. కొనేవాళ్లకు గడువుంది, పరిహారముంది. పోయిన అమ్మకానికి, తిన్న తిట్టుకి, చెడిన పేరుకి ఆ పట్టికలో గడి లేదు.

అసలు చెల్లింపు ఎందుకు ఆగిందో కూడా కొట్టుకు తెలియదు. మరిది ఒక ఎర్ర వరస నొక్కి చూపిస్తున్నాడు, చదవండి: "వినియోగదారు తనిఖీ పూర్తి చేయలేదు." ఓటీపీ అసలు బయల్దేరిందా? ఫోనుకు చేరిందా? చేరితే ఎంతసేపటికి? ఏదీ లేదు. నిందంతా ఆ మొదటి మాట మీద పెట్టేశారు: వినియోగదారు. 2021 మార్చి 8న టెలికాం సంస్థలు సందేశాల మూసలను కొత్త పద్ధతిలో సరిచూడడం మొదలుపెట్టగానే దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి. బ్యాంకువి, ఆధార్‌వి, కోవిడ్ టీకా నమోదువి. మర్నాడే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ తనిఖీని వారం రోజులపాటు ఆపించింది. అంత పెద్దగా జరిగింది కాబట్టి అందరికీ తెలిసింది. రోజూ కొద్దికొద్దిగా జరిగేది ఇలాంటి ఎర్ర వరసల్లో కలిసిపోతోంది.

యూపీఐ విషయంలో ఏ బ్యాంకు దగ్గర ఎంత శాతం చెల్లింపులు సాంకేతిక లోపంతో విఫలమయ్యాయో, దాన్ని నడిపే ఎన్‌పీసీఐ నెలనెలా పట్టిక వేసి అందరికీ కనపడేలా పెడుతుంది. పేరు బయటపడుతుందంటే ఏ బ్యాంకైనా ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది. కార్డు ఓటీపీకి అలాంటి పట్టిక ఈ గదిలోవాళ్ల కంటికి ఎక్కడా కనపడదు. నాకు ఇదే అన్యాయంగా తోస్తుంది. తనిఖీ పెట్టండి, ఇంకా గట్టిది పెట్టండి. అది పనిచేయని ప్రతిసారీ లెక్క రాయండి, ఎవరి దగ్గర ఆగిందో ఆ పేరుతో రాయండి, అమ్మినవాడికి చూపించండి.

9 గంటలు దాటింది. ఫోన్లు కాస్త నెమ్మదించాయి. వాట్సాప్‌లో మాత్రం ఒకావిడ వరసగా మెసేజులు పెడుతోంది. గుంటూరావిడ, కూతురి పురిటికి అమెరికా వెళ్లి ఉంది. కార్డు ఇక్కడిది, సిమ్ము ఇక్కడిది, రోమింగ్ వేయించుకోలేదు. ఆరంకెలు ఆ సిమ్ముకే వస్తాయి. ఆ సిమ్ము అక్కడ పనిచేయదు. డబ్బుంది, చీర నచ్చింది, పంపాల్సింది గుంటూరులో కోడలికే. అయినా దారి లేదు. చివరికి కొడుకుతో యూపీఐ వేయించింది. 2025 సెప్టెంబరు 25న రిజర్వు బ్యాంకు ఇచ్చిన కొత్త ఆదేశాలు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా, ఇలాంటివాళ్ల కోసం తలుపు కొంచెం తెరిచాయి. రెండు తనిఖీలు ఉండాల్సిందే, కానీ రెండోది ఎస్సెమ్మెస్సే కానక్కర్లేదు. బ్యాంకు యాప్‌లో ఒప్పుకోవడమో, వేలిముద్రో, ముఖమో కావచ్చు. ఏ బ్యాంకు ఎంత బాగా చేస్తుందన్న దాని మీద ఈ గది భవిష్యత్తు కొంత ఆధారపడి ఉంది.

9 గంటల 40 నిమిషాలు. ఒక వరస పుట్టింది, పుట్టడంతోనే పచ్చబడింది. మూడు చీరలు, 31,400 రూపాయలు. కార్డు అమెరికాది. డాలస్ నుంచి. చేర్చాల్సింది విజయవాడ మొగల్రాజపురంలో ఒక ఇంటికి.

ఇంత సులువుగా పోయిన కార్డు చెల్లింపు ఈ రాత్రి ఇదొక్కటే. గదిలో ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. మీరు గమనించారా, ఓటీపీ మాటే రాలేదు. రిజర్వు బ్యాంకు నియమం ఇక్కడి బ్యాంకులిచ్చిన కార్డులకే. విదేశీ కార్డు అంకెలు కొడితే చాలు. కానీ అలా తనిఖీ లేకుండా పోయిన చెల్లింపును రేపు కార్డు యజమాని "నేను చేయలేదు" అంటే, నష్టం కొట్టుదే. పోయిన నెల అదే జరిగింది. నాలుగు పట్టు అంచు చీరలు, 52,000 రూపాయలు, విదేశీ కార్డు. హైదరాబాద్ చిరునామాకు వెళ్లాయి, ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారు. మూడు వారాల తర్వాత గేట్‌వే నుంచి మెయిలు: కార్డు యజమాని అభ్యంతరం చెప్పారు, మీ జమలోంచి మినహాయిస్తున్నాం. చార్జ్‌బ్యాక్ అంటారు దాన్ని. కొరియర్ సంతకం జతచేసి మరిది జవాబు రాశాడు. చీర చేరిందని అది రుజువు చేస్తుంది, కార్డు అసలు యజమానే వాడాడని రుజువు చేయదు. డబ్బు పోయింది. నేసినవాళ్లకు కూలి అప్పటికే ఇచ్చేశారు.

కాబట్టి ఇక్కడి కార్డు దగ్గర తనిఖీ ఆగి అమ్మకం పోతోంది, బయటి కార్డు దగ్గర తనిఖీ లేక చీరే పోతోంది. గేట్‌వే అమరికల్లో ఒక బొత్తాం ఉంది, విదేశీ కార్డులకూ బ్యాంకు తనిఖీ తప్పనిసరి చేయొచ్చు. తనిఖీ పూర్తయితే మోసం నష్టం కార్డిచ్చిన బ్యాంకు వైపు జరుగుతుంది. కేంబ్రిడ్జి పరిశోధకులు చెప్పింది ఇదే. కానీ అమెరికాలో జనానికి ఈ పేజీ అలవాటు లేదు. నొక్కితే కొనేవాళ్లలో కొందరు అక్కడే వెనక్కి తిరుగుతారు.

"నొక్కేయమంటారా?" అని అడుగుతున్నాడు మరిది. "కొంతమంది పోతారు వదినా."

"పదివేల పైనవాటికి పెట్టు. పోయేవాళ్లు పోతారు. ఇంకో యాభైవేలు నేను పోగొట్టుకోలేను."

ఆ బొత్తాం రేపటి ఆర్డర్లకు. ఇప్పుడు వచ్చినదాని సంగతి ఆమె మరో రకంగా తేల్చుకుంటోంది. డాలస్‌లో పొద్దున 11 దాటింది. ఆర్డరులో ఉన్న నంబరుకు వాట్సాప్ కాల్ చేసింది. రెండోసారికి ఎత్తాడు.

"బాబూ, మంగళగిరి నుంచమ్మా. కార్డు మీద పేరు, ఆర్డరులో పేరు వేరుగా ఉన్నాయి, అందుకే చేశాను. ఏమీ అనుకోకు."

"మా ఆవిడ కార్డండీ. అమ్మకీ, పిన్నికీ, అత్తయ్యకీ. అమ్మకి మాత్రం ముందే చెప్పకండి."

"చెప్పం. మీ ఆవిడతో ఒక్క మాట మాట్లాడించు నాయనా."

భార్య వచ్చింది. ఏ చీరలో ఏ అంచు ఎంచిందో అడక్కుండానే గబగబా చెప్పింది, ఒకదానికి బ్లౌజు పీసు ఉందా అని అడిగింది. వదిన మరిది వైపు చూసి తలాడించింది. మూలనున్న అమ్మాయి మూడు చీరలూ ఎడమవైపుకు జరిపింది. ఏ బ్యాంకు సర్వరూ చేయని తనిఖీ ఇది. వదిన సమయం నాలుగు నిమిషాలు పట్టింది, దానికి కమీషన్ లేదు. గేట్‌వేకు మాత్రం దాని రుసుము దానికుంది, విదేశీ కార్డు కాబట్టి ఇంకాస్త ఎక్కువ.

పదిన్నరకు బల్ల మీద పదకొండు చీరలు మిగిలాయి. మరిది ఈ రాత్రి ఎర్రబడిన వరసలన్నీ ఒక పట్టికలోకి దించుతున్నాడు: ఆర్డరు నంబరు, సమయం, ఏ బ్యాంకు, ఎంత. గేట్‌వే సహాయ విభాగానికి మెయిలు రాస్తున్నాడు. ఇలాంటి మెయిళ్లకు వచ్చే జవాబు అతనికి కంఠతా వచ్చు, అయినా రాస్తున్నాడు. వదిన కళ్లజోడు పెట్టుకుని తెర మీదకు వంగి మొత్తం చదివింది.

"అడగాల్సింది అడగలేదే," అంది. "చివర్న రాయి. వీటిలో ఓటీపీ అసలు బయల్దేరినవి ఎన్ని, వాళ్ల ఫోనుకు చేరినవి ఎన్ని, బ్యాంకు వారీగా చెప్పమను. చెప్పకపోతే చెప్పలేమని రాతపూర్వకంగా ఇవ్వమను."

మరిది ఆ మాటలు ఉన్నవున్నట్టు కొట్టి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పేరు కూడా కాపీలో పెట్టొచ్చా అని అడుగుతున్నాడు.